చెప్పేదానికి లేదు

హిందూపురంలో మా వీధి చివర ఒక నెట్ సెంటర్ ఉంది. ఓటరు కార్డులో చిరునామా మార్పించుకుందామని మొన్న అక్కడికి పోయాను. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి నా ఫోన్ నంబరు కొట్టి, తెర మీంచి కళ్ళు తిప్పకుండానే "పాస్‌వర్డ్ చెప్పండి మేడమ్" అంది. నా వెనక వరసలో జనం నిలబడి ఉన్నారు. నాకంటే ముందొచ్చిన పెద్దాయన ఒకరు తన పాస్‌వర్డ్‌ను ఒక్కో అక్షరం గట్టిగా అరిచి మరీ చెప్పి, పని ముగించుకుని పోయాడు. ఎవరికీ అది వింతగా అనిపించలేదు.

"నేను కొట్టుకుంటానమ్మా. నువ్వు ఒక్క నిమిషం అటు తిరుగు" అన్నాను.

ఆ అమ్మాయి నవ్వింది. "అంత దాచిపెట్టేదానికి ఏముండాది మేడమ్? ఎవురు చూస్తారు?"

అటు తిరగమనే ఆ పట్టింపు అసలు నాది కాదు. ధర్మవరం మనిషి ఒకాయనది. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆయన పేరు ఇక్కడ రాయను. మనిషి పేరును ఊరికే వాడేస్తే ఆయనకు ఎంత కోపం వచ్చేదో నాకు తెలుసు.

నేను పెనుకొండలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. ఆయన అక్కడ కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జ్. పొద్దున నేను హిందూపురం వైపు నుంచి రైల్లో దిగేదాన్ని, ఆయన ధర్మవరం వైపు నుంచి దిగేవాడు. స్టేషన్ బయట ఒకే ఆటోలో ఎక్కేవాళ్ళం. ఎండాకాలంలో కూడా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీ పెట్టుకునేవాడు. జేబులో అందరికీ పెన్ను ఉంటే ఆయనకు స్క్రూడ్రైవర్ ఉండేది. మనిషి కనపడగానే నమస్కారం కంటే ముందు మన కాళ్ళ వైపు చూసేవాడు. ల్యాబ్‌లోకి చెప్పులతో ఎవరూ పోకూడదు మరి. దుమ్ము పోతే మిషన్లు చచ్చిపోతాయని ఆయన బెంగ. పిల్లలైనా, ప్రిన్సిపాల్ అయినా గుమ్మం దగ్గర విప్పాల్సిందే. ఒకసారి యాజమాన్యం తరఫు పెద్దమనిషి షూ వేసుకుని ల్యాబ్ చూడ్డానికి వచ్చాడు. ఈయన గుమ్మంలో నిలబడి "సార్, షూ" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. ఆ పెద్దమనిషి కాసేపు చూసి, బయటి నుంచే లోపలికి తొంగిచూసి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచే మా ప్రిన్సిపాల్‌కు ఈయనంటే పడకుండా పోయింది.

ఇంకో అలవాటు ఉండేది. సాయంత్రం ల్యాబ్ మూసేటప్పుడు, లోపలికి ఇంటర్నెట్ తెచ్చే కేబుల్ ముక్కను ఊడబీకి, చుట్టచుట్టి, టిఫిన్ సంచిలో వేసుకుని ధర్మవరం తీసుకుపోయేవాడు. తను లేనప్పుడు ఎవరూ లోపలికి చేరి ఏమీ చేయకూడదట. పొద్దున మళ్ళీ తెచ్చి తగిలించేవాడు. ఆటోలో నేను ఏడిపించేదాన్ని. "సార్, ఈ రోజు సంచిలో చారన్నమా, ఇంటర్నెట్టా?"

"రెండూ మేడమ్" అనేవాడు, నవ్వకుండా.

ఆయన అంతే. నవ్వులాటకు కూడా ఉన్నదే చెప్పేవాడు. ఈ ప్రింటర్ రేపటికి బాగవుతుందా సార్ అంటే "విప్పి చూడకుండా చెప్పేదానికి లేదు మేడమ్" అనేవాడు. రేపు కాలేజీకి వస్తారా అంటే "రైలు వస్తే వస్తా" అనేవాడు. చెప్పేదానికి లేదు అన్నది ఆయన ఊతపదం. స్టాఫ్ రూములో మేమంతా దాన్ని పట్టుకుని వేళాకోళం చేసేవాళ్ళం. బయట ఎండగా ఉందా సార్ అని అడిగితే కిటికీ దాకా పోయి చూసొచ్చి చెప్తాడని మా ఇంగ్లిష్ మేడమ్ ఆయన ముందే అనేది. ఆయన ఏమీ అనుకునేవాడు కాదు. బహుశా అది మెచ్చుకోలు అనుకునేవాడేమో.

ఏటా కొత్త పిల్లలు చేరినప్పుడు మొదటి వారంలో ఒక తతంగం జరిగేది. కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఎలా వాడాలి, ఏం చేయకూడదు అన్న నిబంధనలు ఆయనే తెలుగులో రాసి టైపు చేయించాడు. యూనివర్సిటీ పంపిన ఇంగ్లిష్ కాగితం పిల్లలు చదవరని ఆయనకు తెలుసు. చెప్పులు, ఫోన్లు, పెన్‌డ్రైవ్‌లు తేవద్దు. చెడ్డ బొమ్మలు చూడొద్దు, పంపొద్దు. ఒకరి పేరు మీద ఇంకొకరు కూర్చోవద్దు. ఒక్కొక్క పిల్లనూ పిలగాడినీ నిలబెట్టి చదివించి సంతకం పెట్టించుకునేవాడు. కింద చివరి వాక్యం పెద్ద అక్షరాల్లో ఉండేది: నా పేరు మీద జరిగే ప్రతి పనికీ నాదే బాధ్యత.

ఆ రోజు మాత్రం ఆయన కాస్త ఎక్కువ మాట్లాడేవాడు. నేను ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి విన్నాను.

"మాది మగ్గాల ఇల్లు. మా నాయన నేసే చీరలో మా అమ్మ కూర్చుని నాలుగు పోగులు కొట్టినా తెలిసిపోతాది. దెబ్బ మారుతాది. చీర చూసి ఈడ చెయ్యి మారిందని షావుకారు వేలు పెట్టి చూపిస్తాడు. ఈ మిషన్‌లో అట్ల కాదప్పా. ఈడ చెయ్యి కనపడదు. పేరొక్కటే కనపడతాది. పేరు జాగ్రత్త పెట్టుకోండి."

పిల్లలు కిసుక్కున నవ్వుకునేవాళ్ళు. ధర్మవరం పిల్లలు ఇద్దరు ముగ్గురు మాత్రం నవ్వేవాళ్ళు కాదు. వాళ్ళకు మగ్గం సంగతి తెలుసు.

ఇంత జాగ్రత్త మనిషి ల్యాబ్‌లో ఒక పెద్ద కంత ఉండేది. అది ఆయనకూ తెలుసు. మొదట్లో ఆయన ఒక్కో పిల్లకు ఒక్కో పాస్‌వర్డ్ పెట్టించాడు. ఎవరిది వాళ్ళు గుర్తుంచుకోవాలి. ప్రాక్టికల్ పరీక్ష రోజు వచ్చేసరికి సగం మంది మరిచిపోయారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పిల్లలు ఏడుపు. ఈయన ఒక్కో మిషన్ దగ్గరికి పరుగెత్తి తాళాలు విప్పుతూ ఉన్నాడు. ప్రిన్సిపాల్ అందరి ముందూ ఆయన్ను తిట్టాడు. అప్పటి నుంచి ప్రిన్సిపాల్ ఆజ్ఞ ఏమిటంటే, ఎవరి హాల్‌టికెట్ నంబరే వాళ్ళ పాస్‌వర్డ్. ఎవరూ మార్చకూడదు. మరిచిపోయే బాధ లేదు.

ఆ హాల్‌టికెట్ నంబర్లను ప్రతి సెమిస్టర్‌కూ ఆఫీసు వాళ్ళు నోటీసు బోర్డు మీద అంటించేవాళ్ళు. ఎడమ పక్క పేరు, కుడి పక్క నంబరు. అంటే, కాలేజీలో ప్రతి మనిషి తాళంచెవీ గోడకు తగిలించి ఉండేది. ఈయన ప్రిన్సిపాల్ గదికి పోయి వద్దని చెప్పాడు, మళ్ళీ పోయి చెప్పాడు. "నీ మాట వింటే మళ్ళీ ఎగ్జామినర్ ముందు నా పరువు పోతాది" అన్నాడట ప్రిన్సిపాల్. ఈయన తిరిగొచ్చి, తన చేత్తోనే అందరికీ ఆ నంబర్లే పాస్‌వర్డ్లుగా పెట్టాడు. తలుపులు తీసేసి, దొంగతనం తప్పు అని గోడ మీద రాసుకున్నట్టు ఉందని నాకు అనిపించేది. ఆయన మాత్రం ఆ గోడ మీది రాతనే ఏటా ఇంకా గట్టిగా చదివించాడు. ఒకరి పేరు మీద ఇంకొకరు కూర్చోవద్దు. పిల్లలు తలూపేవాళ్ళు, సంతకం పెట్టేవాళ్ళు, ఆ మధ్యాహ్నమే ఎవరి మిషన్ ఖాళీగా ఉంటే వాళ్ళ పేరు మీద కూర్చునేవాళ్ళు.

ఒక ఏడాది వేసవిలో ఒక రోజు పొద్దునంతా కరెంటు లేదు. రెండు సెక్షన్ల ప్రాక్టికల్స్ మధ్యాహ్నానికి కలిపేశారు. మిషన్లు తక్కువ, పిల్లలు ఎక్కువ. ఆ గందరగోళంలో ల్యాబ్ నుంచి, ఆ పాస్‌వర్డ్లతోనే తెరుచుకునే కాలేజీ మెయిల్‌లో, సిబ్బంది అందరికీ ఒక మెయిల్ వచ్చింది. మా ఇంగ్లిష్ మేడమ్ ముఖాన్ని తెచ్చి ఇంకెవరి నగ్న శరీరానికో అతికించిన ఫొటో. కింద రాయకూడని రాతలు. నేను స్టాఫ్ రూములో ఫోన్‌లో దాన్ని తెరిచాను. ఎదురుగా ఆమె కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. ఇంకా చూడలేదు. ఆమె ఫోన్ బల్ల మీద వణికిన చప్పుడు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

ఆమె మరుసటి రోజు నుంచి కాలేజీకి రాలేదు. తర్వాత కూడా రాలేదు.

మెయిల్ వచ్చింది ఎవరి పేరు మీదంటే, బీకాం చివరి సంవత్సరం అమ్మాయి ఒకతె. సోమందేపల్లి పిల్ల. వాళ్ళ నాయనకు హైవే పక్కన పంక్చర్ షాపు. నెమ్మదైన పిల్ల, నా క్లాసులో రెండో బెంచీలో కూర్చునేది, లెక్కలు బాగా చేసేది. ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లోనే ఉంది. తన పేరుతో తను కూర్చోలేదని, మౌస్ పనిచేయక స్నేహితురాలి పక్కన కూర్చున్నానని చెప్పింది. ఆ స్నేహితురాలు మొదట అవునంది. వాళ్ళింట్లో వాళ్ళు వచ్చి పోయాక, సరిగ్గా గుర్తు లేదంది.

ప్రిన్సిపాల్ గదిలో విచారణ పెట్టారు. అమ్మాయి వ్యవహారం కాబట్టి ఒక ఆడమనిషి ఉండాలని నన్ను కూర్చోబెట్టారు. అమ్మాయి గోడ పక్కన నిలబడింది. వాళ్ళ నాయన గుమ్మం దగ్గర, చేతులకు ఇంకా ట్యూబుల నల్లమసి ఉంది. ప్రిన్సిపాల్ బల్ల మీద ఆ నిబంధనల కాగితం పెట్టాడు, కింద ఆ పిల్ల సంతకం ఉంది. చివరి వాక్యం మీద వేలు పెట్టి గట్టిగా చదివాడు. తర్వాత ఈయన్ను పిలిచాడు.

ఈయన వచ్చి చెప్పులు గుమ్మం బయట విప్పాడు. అది ల్యాబ్ కాదు, విప్పాల్సిన పని లేదు. అయినా విప్పాడు.

"ఆ కాగితం రాసింది నేనే సార్" అన్నాడు. "అందరికీ ఒకే రకం పాస్‌వర్డ్ పెట్టింది కూడా నేనే. నంబర్లు బోర్డు మీద ఉండాయి. ఎవురి పేరు మీద ఎవురైనా కూర్చోవచ్చు. నాకు తెలిసీ అట్ల పెట్టినాను. కాబట్టి ఆ కాగితం చెల్లదు సార్."

ఆ మాట అంటే తన ఉద్యోగం పోతుందని ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. పాస్‌వర్డ్లు అట్లా పెట్టమని ఆజ్ఞ ఇచ్చింది ఎవరో ఆయన చెప్పలేదు. ప్రిన్సిపాల్ ముఖం చూస్తే ఆ మాట కూడా వస్తుందేమోనని భయపడుతున్నాడని అర్థమవుతోంది.

"అంటే ఈ పాప చేయలేదంటావా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"చేసిందని చెప్పేదానికి లేదు సార్."

"అది సరే. చేయలేదని చెప్పగలవా?"

ఆయన ఆ పిల్ల వైపు చూశాడు. ఆ పిల్ల తలెత్తి ఆయన వైపే చూస్తోంది. వాళ్ళ నాయన గుమ్మం దగ్గర్నించి ఒక అడుగు లోపలికి వేశాడు. "ఒక్క మాట సారూ. మా పాప అట్లాంటిది కాదని మీరు ఒక్క మాట చెప్పండి సారూ. మీ మాట వింటారు."

ఆయన ఆ పిల్ల మీంచి చూపు తిప్పి, బల్ల మీది కాగితం వైపు చూశాడు. చివరికి అన్నాడు:

"అదీ చెప్పేదానికి లేదు సార్."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏదీ చెప్పలేనప్పుడు శిక్ష ఎట్లా వేస్తారు?" అని నేను ప్రిన్సిపాల్‌తో గొడవపడ్డాను. "అట్లయితే ఆ ఇంగ్లిష్ మేడమ్‌కు ఏం జవాబు చెప్పల్ల? ఎవురో ఒకరి పేరు ఉండల్ల కదా మేడమ్" అన్నాడు ప్రిన్సిపాల్. పేరు ఉండనే ఉంది. ఆ పిల్లను ఆ ఏడాది పరీక్షలు రాయనివ్వలేదు. ఇన్‌ఛార్జ్‌ను నిర్లక్ష్యం అని రాసి తీసేశారు. తాళం చెడ్డదని ఒకరినీ, ఆ తాళం మీద పేరు ఉందని ఇంకొకరినీ శిక్షించారు. అసలు పంపింది ఎవరో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం కూడా ఆయన కేబుల్ ఊడదీశాడు. చుట్టచుట్టి, ఈసారి ఆఫీసులో ఇచ్చి, స్టేషన్‌కు నడిచి పోయాడు.

తర్వాత ఆయన ధర్మవరంలో బస్టాండు దగ్గర ఒక నెట్ సెంటర్‌లో పనికి కుదిరాడు. పట్టుచీరలు కొనడానికి పోయినప్పుడల్లా అక్కడికి పోయి పలకరించేదాన్ని. వచ్చిన మనిషి పాస్‌వర్డ్ కొట్టే సమయానికి ఆయన కుర్చీలోంచి లేచి, బయటికి పోయి, రోడ్డు వైపు తిరిగి నిలబడేవాడు. లోపలి మనిషి "అయింది సార్" అన్నాకే వచ్చేవాడు. ముదిగుబ్బ నుంచి వచ్చిన ఒక అవ్వ "నాకు రాదు నాయనా, నువ్వే కొట్టు" అంటే ఆయన ఒప్పుకోలేదు. ఆమె వేలు పట్టుకోకుండా, దూరం నుంచి, అక్షరాలు ఎక్కడున్నాయో ఆమెకు చూపించి, బయటికి పోయి నిలబడ్డాడు. ఆ అవ్వ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఉంటే వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుని పక్క సెంటర్‌కు పోయారు. సెంటర్ యజమాని నా ముందే మొత్తుకున్నాడు: "ఏమబ్బా ఇది, గిరాకీలనంతా ఎండలోకి తోలుతాండావు!"

"ఎవురిది వాళ్ళే కొట్టల్ల" అన్నాడు ఈయన.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన ఆగలేదు. ఆ పిల్ల చదువు ఆగిపోయిందని, వాళ్ళ నాయన హిందూపురంలో గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పంపుతున్నాడని ఎవరో చెప్పారట. ఆ పిల్ల పేరు మీద మచ్చ తీసేయడం తన పని అనుకున్నాడు. మగవాడు ఒక్కడే ఆడపిల్ల ఇంటికి పోతే బాగుండదని నన్ను తోడు రమ్మన్నాడు. నేను సంతోషంగానే పోయాను.

పంక్చర్ షాపు పక్కనే టీ బంకు. నలుగురు కూర్చుని ఉన్నారు. ఈయన వాళ్ళందరికీ వినపడేట్టు వాళ్ళ నాయనతో చెప్పాడు. "కాలేజీలో జరిగినదానికి మీ పాప చేసిందని చెప్పేదానికి లేదప్పా. తాళం నేను సరిగ్గా పెట్టలేదు. తప్పు నాది."

టీ తాగేవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకడు మెల్లగా "ఏం జరిగింది కాలేజీలో?" అని పక్కవాణ్ణి అడిగాడు. వాళ్ళ నాయన చేతిలోని టైరు కింద పెట్టి, మా కోసం టీ చెప్పాడు.

ఆ తర్వాత ఆయన నన్ను పిలవకుండా తను ఒక్కడే పోతూ వచ్చాడు. పోయినప్పుడల్లా అదే మాట. చేసిందని చెప్పేదానికి లేదు. ఊరు ఆ సంగతి మరిచిపోయే సమయానికి ఈయన బస్సు దిగేవాడు. విన్నవాళ్ళకు అందులో మొదటి సగమే చెవిన పడేది. చేసిందట, కానీ రుజువు లేదట. అట్లా మారిపోయేది ఆ మాట.

చివరిసారి మళ్ళీ నన్ను తోడు రమ్మన్నాడు. ఆదివారం, ఆ పిల్ల ఇంట్లో ఉంది. మమ్మల్ని చూడగానే గడప దాటి బయటికి వచ్చింది, లోపలికి రమ్మనలేదు. చిక్కిపోయింది. చేతివేళ్ళకు సూది గుచ్చుకున్న మచ్చలు ఉన్నాయి.

"సార్, ఇంక రావద్దండి" అంది. "మీరు వస్తే అందరికీ మళ్ళీ గుర్తొస్తాది. నాకు సంబంధం చూసిన వాళ్ళు కూడా మీ మాట విని పోయినారు."

"నేను తప్పు నాదని చెప్తాండా కదమ్మా" అన్నాడు.

"తప్పు మీదని చెప్తారు. నేను చేయలేదని చెప్పరు. సార్, ఒక్క పొద్దన్నా నన్ను అడిగినారా, నువ్వు చేసినావా అని?"

"అడగలేదమ్మా."

"ఇప్పుడు అడగండి."

అడగండి సార్, అడిగి, నమ్ముతానమ్మా అని ఒక్క మాట అనండి అని మనసులో వేడుకున్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అడిగితే చేయలేదంటావు. నేను నమ్మితే నమ్మొచ్చు. నమ్మినదాన్ని తెలిసినట్టు చెప్పేదానికి లేదు కదమ్మా."

ఆ పిల్ల ఏడవలేదు, కోప్పడలేదు. సరే సార్ అని లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. వాళ్ళ నాయన షాపులో తల వంచుకుని ట్యూబు రుద్దుతూ ఉన్నాడు.

తిరుగు బస్సులో నేను ఆయనతో దెబ్బలాడాను. "ఆ ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది సార్? ఆ పిల్లను చూస్తే తెలియదా?"

"చూస్తే తెలిసేదుంటే ఇంత బాధ ఎందుకు మేడమ్?" అన్నాడు. కాసేపాగి, కిటికీ వైపు తిరిగి, "ల్యాబ్‌లో ఆ పొద్దు నేనుండా. అందరి వెనకా తిరిగినా. అయినా ఎవురో తెలీదు. నాకే తెలీదు" అన్నాడు. ఆ రోజు ఆయన మీద నాకు అసహ్యం వేసిన మాట నిజం. ఆ గదిలో తన కూడు పోతుందని తెలిసి ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి ఆయన ఒక్కడే అన్నదీ నిజమే. ఈ రెంటినీ ఒక దగ్గర పెట్టుకోవడం నాకు ఇప్పటికీ చేతకావడం లేదు.

ఆ తర్వాత ఆయన సోమందేపల్లికి పోలేదు. పెనుకొండ వైపే రావడం మానేశాడు.

పోయిన చలికాలంలో ఆయన గుండెపోటుతో పోయాడని కబురు వచ్చింది. ధర్మవరం పోయాను. చిన్న ఇల్లు, ముందు గదిలో మగ్గం, దాని మీద సగం నేసిన చీర. ఆయన భార్య నా చేయి పట్టుకుని కూర్చుంది. "ఇంట్లో కూడా అంతే మేడమ్" అంది. "కూర బాగుండాదా అంటే ఉప్పు సరిపోయింది అంటాడు. బాగుండాదని ఒక్క పొద్దు అనలేదు. నా చీర ఎట్లుండాదంటే, రంగు పోలేదు అంటాడు." నవ్వబోయి ఏడ్చింది. ఆ సోమందేపల్లి పాప గురించి ఎప్పుడన్నా ఏమన్నా అన్నాడా అని అడిగాను. ఏమీ అనలేదంది.

కొన్నాళ్ళకు హిందూపురంలో సాయంత్రం బస్సుల దగ్గర ఆ పిల్ల కనపడింది. ఫ్యాక్టరీ ఆడవాళ్ళంతా గుంపుగా సోమందేపల్లి బస్సు కోసం నిలబడి ఉన్నారు. నన్ను చూసి పక్కకు వచ్చింది. మెడలో ఫ్యాక్టరీ కార్డు, దాని మీద ఫొటో, పేరు. ఆయన పోయాడని చెప్పాను.

ఆ పిల్ల మెడలోని కార్డును వేళ్ళతో తిప్పుతూ ఉంది. బస్సు రావడం, గుంపు కదలడం మొదలయ్యాక అడిగింది.

"కడకన్నా అన్నాడా మేడమ్?"

ఏమని అని నేను అడగలేదు. నాకు అర్థమైంది. నోటికి వచ్చేసింది. "అన్నాడమ్మా. ఆ పాప చేయలేదు అన్నాడు. వాళ్ళావిడతో అన్నాడట."

ఆ పిల్ల నా ముఖంలోకి చూసింది. మొదటిసారి కొంచెం నవ్వింది.

"ఆ సార్ అనడు మేడమ్" అంది. "మీరు చెప్తాండారు."

తోసుకుంటూ బస్సు ఎక్కేసింది.